రైతు, కార్మిక సభ్యుల ఉమ్మడి సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారాలు.

రైతులను, కార్మికులను ఒకే జెండా కిందికి తెచ్చిన ప్రాంతీయ పార్టీలపై వరంగల్‌లో జరిపిన సదస్సు ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగిన పని. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన ఒక పెద్దాయన, రుమాలులో చుట్టి తెచ్చిన తన హాజరు బిళ్ళను బల్ల మీద పెట్టారు. సంగెం నుంచి ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు దాని పక్కనే గుప్పెడు పత్తి ఉంచారు. "పత్తి ధర పెరిగితే నీ ఇంట పండుగ, మా మిల్లుకు గండం" అని పెద్దాయన అనడంతో అసలు చర్చ మొదలైంది.

అలాంటి పార్టీల అనుభవాలను సదస్సులో చెప్పుకున్నాం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1918లో పుట్టిన ఫార్మర్–లేబర్ పార్టీ అధికారంలో ఉండగా, 1933లో అప్పులపాలైన రైతుల పొలాల వేలాన్ని ఆపించింది. 1944లో డెమోక్రటిక్ పార్టీతో కలిసిపోయింది. మహారాష్ట్రలోని శేత్కరీ కామ్‌గార్ పక్ష (రైతు, కార్మిక పార్టీ) తరఫున గణపత్‌రావు దేశ్‌ముఖ్ సాంగోలా నుంచి 11 సార్లు శాసనసభకు గెలవడమే కాక, అక్కడ రైతుల సహకార నూలు మిల్లును నిలబెట్టారు. పత్తి పండించినవారే మిల్లుకు వాటాదారులైతే ధరకూ కూలికీ మధ్య పేచీ ఒకే బల్ల దగ్గర తేలుతుందని విన్నప్పుడు పెద్దాయన చాలాసేపు తల ఊపారు.

మన దగ్గర, ప్రత్యేక తెలంగాణ కోసం 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు బొగ్గు బావుల్లోకి దిగకుండా నిలబడినప్పుడు పల్లెలు వారి వెంట నడిచాయి. రాష్ట్రం వచ్చాక ఆ పొత్తును మద్దతు ధర, కనీస వేతనం దాకా తీసుకుపోయే పని ఏ పార్టీ పూర్తిగా చేయలేదన్నది నా అభిప్రాయం.

షామియానా ఇచ్చినవారికి, తెల్లవారుజామునే వంటకు కూర్చున్న మహిళా సభ్యులకు, ఆటోలో ఊరూరా కరపత్రాలు పంచిన యువకులకు కృతజ్ఞతలు. వస్తామని మాట ఇచ్చిన అధికారి రాలేదు, కబురైనా పంపలేదు. పేర్లు రాయించుకున్న కార్యకర్తల్లో సగం మందికి పైగా ఆ రోజు కనిపించకపోవడంతో కుర్చీలు వేసింది, తీసింది నలుగురమే. ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి చదివి వినిపిస్తారు. వచ్చే సదస్సు భూపాలపల్లిలో జరపాలని కార్యవర్గం తీర్మానించింది కనుక, నిజంగా రాగలవారు మాత్రమే ఈరోజే పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి