గూడేల జాబితా పని – 2025–26 వార్షిక నివేదిక (ములుగు జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం బలమంతా ఒక్క పనికే పెట్టాం. జనగణన మొదలయ్యేలోపు జిల్లాలోని ఏ గూడెమూ తప్పిపోకుండా జాబితాకెక్కించడమే ఆ పని. మన జిల్లా 3,881 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో జనం మూడు లక్షల లోపే. రాష్ట్రంలో చదరపు కిలోమీటరుకు సగటున 312 మంది ఉంటే మన దగ్గర వంద కూడా దాటదు. నడుమ ఏటూరునాగారం అభయారణ్యం, గోదావరికి ఆవల వాజేడు, వెంకటాపురం మండలాలు.

జనం పలచగా ఉన్నచోట పది ఇళ్లు తప్పినా దెబ్బ గట్టిగా తగులుతుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశలో రోడ్డు రావాలంటే, ఐదో షెడ్యూలు (రాజ్యాంగం గుర్తించిన గిరిజన) ప్రాంతపు ఆవాసంలో 2011 లెక్క ప్రకారం 250 మంది ఉండాలి. తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో 100 చాలు. కాలిబాటన 500 మీటర్ల లోపున్న ఇళ్ల గుంపులను కలిపి లెక్కించుకోవచ్చు. ఈ సంగతి తెలియక విడివిడిగా రాస్తే ఏ గుంపూ సంఖ్యకు అందదు. ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5,000, గిరిజన ప్రాంతంలో 3,000 జనాభా కొలత. మన దగ్గర ఆ మూడు వేల మంది ఎన్ని వాగులకు అటూ ఇటూ ఉంటారో ఆ కొలతకు పట్టదు. దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది సంఘం గట్టి అభిప్రాయం.

ముందుగా ఓటరు జాబితా, రేషన్ కార్డులు, ఉపాధి హామీ జాబ్‌కార్డులు, అంగన్‌వాడీ రిజిస్టరు పక్కపక్కన పెట్టి సరిచూశాం. వీటిలో అంగన్‌వాడీ రిజిస్టరే నమ్మకమైనది. టీచరు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నది కదా. తర్వాత గూడేనికి వెళ్లి వాడుక పేరు, రికార్డు పేరు, ఏ రెవెన్యూ గ్రామం కిందికి వస్తుంది, దారిలో ఏ వాగు అడ్డం, ఏ నెలల్లో రాకపోకలు ఆగుతాయి అన్నవి రాశాం. తప్పులు ఎక్కువగా పేర్ల దగ్గరే దొర్లుతున్నాయి: ఒకే గూడెం రెండు పేర్లతో రెండుసార్లు ఎక్కుతుంది, లేదా ఒకే పేరున్న రెండు గూడేలు ఒకటైపోతాయి. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వలస వచ్చిన గిరిజనులైన గొత్తికోయల గూడేలది వేరే చిక్కు. అవి రిజర్వు అడవిలో ఉండడంతో ఈ ఊరివాళ్లు ఆ ఊరివని, ఆ ఊరివాళ్లు ఈ ఊరివని వదిలేస్తారు. పాలనా సరిహద్దులు 2025 డిసెంబరు 31తో స్థిరపడ్డాయి కనుక ఇక ఏ గూడెం ఏ గణన బ్లాకులో (ఒక్కో గణకుడికి అప్పగించే ప్రాంతంలో) పడుతుందో చూసుకోవడమే మిగిలింది.

జనగణనలో మొదటి దశ అయిన ఇళ్ల జాబితాకు ఇచ్చిన గడువు 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు. జంపన్నవాగు పొంగితే అవతలి గూడేలకు ఎవరూ వెళ్లలేరు. 2023 జూలైలో లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అందుకే వాగవతలి గూడేలను వానలకు ముందే ముగించాలని కోరుతున్నాం.

జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. సరిగ్గా మిరప ఏరుడు రోజులు. 2011 పద్ధతిలో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకూ పూర్తిగా బయటే ఉన్నవారిని ఉన్నచోటే రాశారు. ఆ మధ్యలో కొన్ని రోజులైనా ఇంట్లో ఉన్నవారు సొంత గూడెంలోనే లెక్కకొచ్చారు. చేలల్లోనే గుడిసెలు వేసుకుని ఉండే కుటుంబాలకు ఈ సంగతి జనవరిలోనే చెప్పాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలను మన గూడేల సంఖ్యలో కలపకుండా వేరుగా రాసుకోవాలి.