థైరాయిడ్ నొప్పులేనని పంపేస్తే ఎట్లా?

అయ్యా,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో కీళ్ల నొప్పుల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. వయసు, బరువు, ఫ్లోరైడ్ నీళ్లు అన్నీ రాశారు. థైరాయిడ్ ఉన్నవాళ్లకు వచ్చే కీళ్లవాతం గురించి ఒక్క ముక్క లేదు.

మాది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ చేసిన అన్యాయం మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, వంగిపోయిన నడుములను చూస్తూనే పెరిగాం. కానీ ప్రతి నొప్పినీ ఆ ఖాతాలోనే వేస్తే మిగతా జబ్బులు చూసేదెవరు?

నేను ఎనిమిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. రెండేళ్ల కింద రెండు చేతుల వేళ్ల కణుపులూ ఒకేసారి వాచాయి. పొద్దున లేస్తే గంట దాకా పిడికిలి ముడుచుకునేది కాదు. జొన్నరొట్టె తట్టలేక, తడిపిన పిండి ముందు పెట్టుకుని ఏడ్చిన రోజులున్నాయి. ఆస్పత్రికి పోతే ‘థైరాయిడ్ నొప్పులేనమ్మా’ అని నొప్పి మాత్రలు, కాల్షియం ఇచ్చి పంపారు. థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ సరిగ్గానే ఉందని రిపోర్టు చూపించినా అదే మాట. కాల్షియానికి, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలని కూడా ఎవరూ చెప్పలేదు. ఏడాదిన్నర తిరిగి తిరిగి, చివరికి హైదరాబాద్‌లో యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష చేయిస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతమని తేలింది. అప్పటికే రెండు వేళ్లు వంకరపోయాయి.

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథి మీద పడితే హషిమోటో అనే థైరాయిడ్ జబ్బు, కీళ్ల లోపలి పొర మీద పడితే రుమటాయిడ్. ఒకటి ఉన్నవాళ్లకు రెండోది వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ. రెండూ ఆడవాళ్లకే ఎక్కువగా వస్తాయి. తొలి నెలల్లోనే సరైన మందు పడితే కీళ్లు చాలావరకు దక్కుతాయని నాకు హైదరాబాద్‌లో చెప్పారు. ఆ మాట ఇక్కడే ఎవరైనా చెప్పి ఉంటే!

వైద్య శిబిరాలు పెడుతూనే ఉన్నారు. బీపీ, షుగర్ చూస్తారు, మాత్రలు చేతిలో పెడతారు, ఫొటో దిగుతారు. చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కి చూసేవాళ్లు లేరు. ఆడమనిషి నొప్పి అంటే టెన్షన్ అంటారు, లేదంటే వయసు అంటారు. నాకు నలభై రెండేళ్లు.

జిల్లా వైద్యాధికారులు ఈ కీళ్లవాతం పరీక్షలు ఇక్కడే అందేలా చూడాలి. మీరు కూడా, థైరాయిడ్ ఉండి పొద్దున వేళ్లు గంటసేపు బిగుసుకుంటే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షల గురించి డాక్టరును అడగండని వచ్చే ఆదివారం పెద్ద అక్షరాల్లో వేయండి.

– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా