నీ దొడ్డి మొక్కల సంగతి

ఒరేయ్ రాంబాబూ,

ఇల్లు కొన్నావు, అందులోనూ దొడ్డి ఉన్న ఇల్లు. చాలా సంతోషంరా. కానీ ఈ మొక్కలేవో చెప్పమని నువ్వు పంపిన ఫోటోలన్నీ నిలబడి పైనుంచి తీసినవి. పచ్చగా ఏదో ఉందని తప్ప ఏమీ తెలియట్లేదు. మొక్కని పట్టిచ్చేది ముందు కణుపు, అంటే ఆకు కాడ కొమ్మకి అతుక్కున్న చోటు. ఈసారి ఒక్కో మొక్కకి ఇవి తీసి పంపు: మొక్క మొత్తం, ఆకు పైవైపు, అడుగువైపు, కణుపు దగ్గర్నుంచి ఒకటి, పువ్వు ఎదురుగా, పక్కనుంచి, కాయ దొరికితే అడ్డంగా కోసి. పక్కన పాప స్కేలు పెట్టు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే ఆకు తెల్లగా కొట్టేసి ఈనెలు కనబడవు, పొద్దున్నే తీయి.

గోడవార మొలిచినదాన్ని చింత అంటున్నావు. నాకు నమ్మకం లేదు. ముందు 'ఒక ఆకు' అంటే ఎంతవరకో తేల్చుకో. కాడ మొదట్లో, కొమ్మ మూలన చిన్న చిగురు మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గ ఉన్న చోటి నుంచి చివరిదాకా ఉన్నదంతా ఒకటే ఆకు. మధ్యలో విడి ఆకుల్లా కనబడే ముక్కలు చిట్టాకులు, వాటి మొదట్లో మొగ్గ ఉండదు. చింతలో నడి ఈనెకి రెండువైపులా చిట్టాకులు నేరుగా ఉంటాయి. నడి ఈనె నుంచి పక్క ఈనెలు చీలి, వాటికి చిట్టాకులు ఉంటే అది సుబాబులు. తెల్లటి గుండ్రని పూలు, పలచటి కాయల గుత్తులు వచ్చాయంటే ఇక అనుమానమే అక్కర్లేదు. నరికితే మళ్లీ చిగుర్లేస్తుంది కాబట్టి లేతగా ఉన్నప్పుడే, వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉండగా వేరుతో లాగెయ్. వేపకీ తురకవేపకీ తేడా కూడా ఇలాగే తేలుతుంది. వేపలో చిట్టాకులు నడి ఈనెకే ఉంటాయి, అంచు రంపంలా ఉంటుంది. తురకవేపలో ఈనె రెండు మూడుసార్లు చీలుతుంది, దాని పసుపు కాయలు తినకూడదు.

ట్యాంకు గోడ పగుల్లో ఉన్నదాని కొమ్మ గిల్లు. పాలు వచ్చి, ప్రతి కణుపు దగ్గరా కొమ్మ చుట్టూ ఉంగరం లాంటి గీత ఉంటే అది రావి, మర్రి, జువ్వి కుటుంబం. ఆకు చివర పొడుగ్గా తోకలా సాగితే రావి. ఏదైనా సరే, వేరు లోపలికి దిగకముందే పీకించు.

ఇక నీ ఆకుకూరల ఉబలాటం. గంగపావిలాకు అనుకుని కోయబోయే ముందు కాడ విరువు. నీళ్లలాంటి రసం వస్తే, ఆకులు మందంగా, నున్నగా, పువ్వు పసుపుగా ఉంటే గంగపావిలే. తెల్లటి పాలు చుక్క కట్టాయంటే అది నేలబారు నానబాలు. రెండూ నేలని పట్టుకుని పాకుతాయి, ఇటుకల సందుల్లో పక్కపక్కనే మొలుస్తాయి, అందుకే జనం బోల్తా పడేది. ఏ మొక్క పాలైనా కంట్లో పడనీయకు, విరిచిన చేతుల్ని సబ్బుతో కడుగు. గలిజేరు కూడా పువ్వు చూడకుండా కోయకు. ఆ పేరుతో రెండు మొక్కల్ని పిలుస్తారు, రెండింటికీ జంట ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పునర్నవకి సన్నటి పొడుగు కాడల మీద చిట్టి గులాబీ పూలు, బట్టకి అంటుకునే జిగురు కాయలు. అంబటిమాడుకి పువ్వు కాడ లేకుండా కణుపులోనే దాక్కుని ఉంటుంది.

తూము దగ్గరి పెద్ద ఆకుల మొక్క గురించే నాకు బెంగ. చెల్లెమ్మ చేమదుంపలని తవ్వుదామంటోందట, ఆగమను. ముదురు ఆకు ఒకటి తిప్పి చూడు. రెండు చెవుల మధ్య గాటు ఉంటుంది కదా, చేమలో కాడ ఆ గాటుకి ఎడంగా, ఆకు అడుగున లోపలికి అతుక్కుని ఉంటుంది. ఆకు కిందికి వాలుతుంది. చేమలాగే కనబడే అలంకారపు మొక్క అలొకేసియాలో కాడ గాటు దగ్గరే కలుస్తుంది, ఆకు కొస పైకి చూస్తుంది. చిక్కేమిటంటే, లేత అలొకేసియాలోనూ కాడ లోపలికే ఉండొచ్చు. అందుకే ముదురు ఆకు అన్నది. వీటన్నిటిలోనూ కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా ఉండి గొంతులో గుచ్చుకుంటుంది. నిజమైన చేమలోనూ ఉంటుంది, అందుకే బాగా ఉడికించి చింతపండు వేస్తాం. అలంకారానికి పెంచే మొక్కల్ని మాత్రం ఎంత ఉడికించినా కూరకి వాడొద్దు.

అల్లం జాతి అనుకునేవాటికి ఆకు నలిపి వాసన చూడు. పసుపుకీ అల్లానికీ వాసనే చెప్పేస్తుంది. మెట్టతామరకి ఆ వాసన ఉండదు. ఆకులు కాండం చుట్టూ మెలి తిరిగి మెట్లలా పైకెక్కితే అది అల్లం కాదు, కోస్టస్ అనే వేరే మొక్క. అల్లంలో రెండే వరసలు.

రంగు ఆకుల మడి సంగతి తర్వాత చూద్దాం. మన నర్సరీల్లో ఆకు రంగుగా ఉంటే చాలు క్రోటనే. అసలు క్రోటన్ ఆకు తోలులా మందంగా, అంచు నున్నగా, ఒకటి విడిచి ఒకటి ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, అది ఇంకేదో.

ఫోన్ యాప్‌లు వాడొద్దనను. ప్లాంట్‌నెట్‌లో ఒకే మొక్కకి ఆకు, పువ్వు, కాయ ఫోటోలు కలిపి ఇవ్వు. ఒక్క ఆకుతో అడిగితే పేరు చెప్తుంది గానీ అది ఊహే. మొలకలు, నీడలో సాగిన ఆకులు, మచ్చల రకాలు దాన్ని బాగా తప్పుదోవ పట్టిస్తాయి. మొదటి నాలుగు పేర్లూ ఒకే కుటుంబానివైతే కుటుంబం వరకు నమ్ము, జాతి పేరు పువ్వుతో సరిచూసుకో. యాప్ చెప్పిందని మాత్రం ఏదీ నోట్లో పెట్టకు.

పాప ఉంది కాబట్టి నాలుగింటిని ముందు వెతుకు: గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, కంచె మీద గురివింద తీగ. గురివింద ఆకు చింతాకులా ఉంటుంది గానీ అది తీగ. ఎర్ర గింజకి నల్ల మచ్చ ఉంటుంది, గింజ పగిలి లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుంది. చామంతి మొలకలని మురిసిపోతున్నావే, అవి వయ్యారిభామ కావచ్చు. ఆకు క్యారెట్ ఆకులా చీలి ఉంటే చేతికి తొడుగు వేసుకుని పూత రాకముందే పీకు. ఒళ్లు దురద, ఆయాసం తెచ్చే రకం.

అప్పటికీ తేలనివి ఉంటే, పువ్వుతో సహా 30 సెంటీమీటర్ల కొమ్మ కోసి న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి పైన బరువు వెయ్యి. ఒక ఆకైనా తిరగేసి పెట్టు, అడుగు కనబడాలి. మొదటి నాలుగైదు రోజులు కాగితం రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. పువ్వు రంగు, పాలు, వాసన అప్పుడే రాసిపెట్టు, ఎండాక ఇవేవీ మిగలవు. దగ్గర్లోని కాలేజీ వృక్షశాస్త్రం వాళ్లకి చూపించు. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం కూడా ఉంది.

తూము దగ్గరి ఆకు అడుగు ఫోటో మిగతావాటికంటే ముందు పంపు. చెల్లెమ్మని అడిగానని చెప్పు, పాపకి ముద్దులు.

నీ
సూర్యం