స్కూలు గేటు ముందు అరగంట: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో స్కూళ్ల ముందు ట్రాఫిక్ గురించి ఈ ఉత్తరం. ఇది పోలీస్ కమిషనర్‌కో, రవాణా మంత్రికో రాయాల్సింది కదా, నాకెందుకు అని మీకు అనిపించవచ్చు. మున్సిపాలిటీని అడిగితే ట్రాఫిక్ పోలీసుల పని అంటారు. పోలీసుల్ని అడిగితే స్కూలువాళ్లు లోపల పార్కింగ్ ఇవ్వకపోతే మేమేం చేస్తామంటారు. స్కూలును అడిగితే గేటు బయట సంగతి మాకు సంబంధం లేదంటారు. హోం, పురపాలక, విద్య, ఈ మూడు శాఖలూ మీ చేతిలోనే ఉన్నాయి. రవాణా ఒక్కటే వేరే మంత్రి గారిది. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

సాయంత్రం స్కూలు వదిలే వేళకు అబిడ్స్, గన్‌ఫౌండ్రీ వైపో, నారాయణగూడ వైపో, నిజాంపేట వైపో ఏదైనా స్కూలు వీధిలో కాసేపు నిలబడి చూడండి. బెల్లు కొట్టడానికి చాలా ముందే గేటుకు అటూ ఇటూ కార్లు రెండు వరసల్లో ఆగి ఉంటాయి. ఏసీ వేసుకుని, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. మిగిలిన సందులో రాంగ్ రూట్‌లో స్కూటీలు దూరుతుంటాయి. ఫుట్‌పాత్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన బజ్జీల బండి. ఇక పిల్లలు నడవాల్సింది కార్ల మధ్య నుంచే. రెండో తరగతి పిల్లాడి తల పెద్ద కారు బానెట్ కంటే ఎంతో పైకి రాదు. డ్రైవరుకు వాడు కనపడడు, వాడికి వచ్చే బండి కనపడదు. ఇంతలో ఎవరో రోడ్డు వైపు కారు డోరు తీస్తారు, వెనక స్కూటీ సడన్‌గా బ్రేకు వేస్తుంది, హారన్లు, తిట్లు. సందు చివర మెయిన్ రోడ్డు మీద ఒక హోంగార్డు విజిల్ వేస్తుంటాడు. మెయిన్ రోడ్డు జామ్ కాకుండా చూడటమే ఆయనకు అప్పగించిన పని. పిల్లల్ని దాటించమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఈ గందరగోళానికి కారణం ఎక్కడినుంచో వచ్చిన లారీలు కావు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిదండ్రులే. ఓటర్లు కాబట్టి ఈ మాట ఏ నాయకుడూ అనడు. పక్కన స్కూలు డ్రెస్సులో పిల్ల కూర్చుని ఉంటే ఏ కానిస్టేబులూ బండి ఆపడు, పాపం బడికి టైమవుతుందని. నగరంలో మిగతా చోట్ల పడే చలానా, స్కూలు గేటు దగ్గరకొచ్చేసరికి మాఫీ అయిపోతోంది.

కొత్త చట్టం అవసరం లేదు, ఉన్నవి చాలు. మోటారు వాహనాల చట్టం ప్రకారం టూవీలర్ మీద ఇద్దరికి మించి ఎక్కకూడదు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్‌తోపాటు నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం 2022లో నియమం పెట్టింది. 2023 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. కానీ నాన్నకు హెల్మెట్, ముందు నిలబడ్డ బాబుకు, వెనక కూర్చున్న పాపకు ఏమీ లేదు. ఈ దృశ్యం రోజూ కనపడుతుంది. చలానా కెమెరాకు కావాల్సింది నాన్న తలే కాబట్టి అక్కడితో లెక్క సరిపోతుంది.

చలానా పడినా భయం ఎందుకు లేదంటే, డిస్కౌంట్ వస్తుందని అందరికీ తెలుసు. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో, మీరు పదవిలోకి వచ్చిన నెలలోనే, 80 శాతం తగ్గించారు. సక్రమంగా కట్టినవాడు వెర్రివాడయ్యాడు. వేరేచోట్ల చలానాల సంగతి మీ ఇష్టం. స్కూలు జోన్‌లో పడిన చలానాకు మాత్రం ఎప్పటికీ రాయితీ ఉండదని ఒక జీవో ఇవ్వండి. దానికి ఖజానా నుంచి పైసా ఖర్చు లేదు.

మైనర్ల డ్రైవింగ్ మీద 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు స్పెషల్ డ్రైవ్ పెట్టారు. మంచిదే. మైనర్ నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. ఇంత గట్టి శిక్ష ఉన్నా తొమ్మిది, పది తరగతుల పిల్లలు స్కూటీల మీద వస్తూనే ఉన్నారు. స్కూల్లోకి బండి రానివ్వరు కాబట్టి వెనక సందులో టిఫిన్ సెంటర్ ముందో, అపార్ట్‌మెంట్ గోడ పక్కనో పెట్టి నడిచి వస్తారు. ఎక్కడ పెడతారో వాచ్‌మన్‌కు తెలుసు, పీఈటీ సారుకు తెలుసు. తెలియనిది స్పెషల్ డ్రైవ్ పెట్టిన పోలీసులకే.

స్కూలు బస్సుల సంగతి కొంత నయం. 1997లో సుప్రీంకోర్టు చెప్పిన జాగ్రత్తలు, ఫిట్‌నెస్ తనిఖీలు, జూన్‌లో ఆర్టీఏ వాళ్ల హడావుడి వల్ల కొంత క్రమం వచ్చింది. కానీ బస్సు రివర్స్ తీసేటప్పుడు దిగి వెనక చూసే ఆయా ఉందా లేదా అన్నది జూన్ తర్వాత ఎవరూ చూడరు. ఆటోల పరిస్థితి మాత్రం ఘోరం. డ్రైవరు పక్కన చెక్క మీద ఇద్దరు, బ్యాగులు బయట వేలాడుతుంటాయి. 2024 ఆగస్టులో హబ్సిగూడలో స్కూలుకెళ్తున్న ఆటో ప్రమాదంలో పదో తరగతి అమ్మాయి చనిపోయింది. అప్పుడు నాలుగు రోజులు తనిఖీలు జరిగాయి. ఆటోవాళ్లను మాత్రమే పట్టుకుంటే సరిపోదు. స్కూలు బస్సు ఫీజు కట్టలేకే చాలామంది ఆటో మాట్లాడుకుంటారు. స్కూలు వేళలకు ఆర్టీసీ బస్సు ఒకటి ఆ దారిలో వేస్తే సగం ఆటోలు తగ్గుతాయి.

2025 జనవరిలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు, స్కూళ్లు, కాలేజీల దగ్గర రాకపోకలకు సరైన ఏర్పాట్లు లేక దాదాపు పది వేల మంది పిల్లలు చనిపోయారని స్వయంగా చెప్పారు. అంటే లోపం గేటు దగ్గరే ఉందని ఢిల్లీకి తెలుసు. మన దగ్గర జీబ్రా క్రాసింగ్ గీత డివైడర్ రెయిలింగ్ దగ్గర ఆగిపోతుంది. ‘స్కూల్ జోన్, నెమ్మదిగా వెళ్లండి’ బోర్డు ఉన్నచోట, దాన్ని ఇచ్చిన కోచింగ్ సెంటర్ పేరు ఆ మాటకంటే పెద్దగా ఉంటుంది, లేదంటే పుట్టినరోజు ఫ్లెక్సీ దాన్ని కప్పేస్తుంది. (పుట్టినరోజు ఎవరిదో నేను చెప్పను.) రోడ్డు డిజైన్ లోపంతో ప్రాణం పోతే అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసే 198ఏ సెక్షన్ 2019లోనే చట్టంలోకి వచ్చింది. స్కూలు రోడ్ల విషయంలో దాన్ని ఒక్కసారి వాడి చూపించండి.

ఇక నేను అడిగేది ఒకటే పెద్దది. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట, స్కూలు వీధిలోకి తల్లిదండ్రుల కార్లు, బండ్లు రాకూడదు. వీధి మొదట్లో దింపి, ఆ కాస్త దూరం పిల్లల్ని నడిపించుకుని తీసుకెళ్లాలి. అక్కడ ఇళ్లున్నవాళ్లకు, అంబులెన్సుకు, దివ్యాంగులకు మినహాయింపు. లండన్‌లో వందల వీధుల్లో ఇలా చేస్తున్నారు. అంత దూరం కూడా అక్కర్లేదు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి జనాన్ని షికారు తిప్పింది మన నగరమే. ఐస్‌క్రీం తినడానికి ట్యాంక్‌బండ్ మూయగలిగినవాళ్లం, బడి వదిలేటప్పుడు ఒక సందు మూయలేమా? మెయిన్ రోడ్డు మీదే గేటున్న స్కూళ్లకు ఇది కుదరదు. వాళ్లకు మైదానంలో దింపుకునే చోటు, ఎక్కించుకునే చోటు చూపించాలని గుర్తింపు రెన్యువల్‌లోనే షరతు పెట్టండి. చాలా స్కూళ్లలో గ్రౌండ్ ఖాళీగా ఉండి, వీధి కిక్కిరిసి ఉంటుంది.

మనుషులు లేరంటారేమో. 2024 డిసెంబరులో మీరు ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అలాగే ఇంకొందరిని తీసుకుని స్కూలు వీధులకు పంపండి. డ్యూటీ టైములు మాత్రం బడి టైముల్ని బట్టి వేయాలి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలై పన్నెండున్నరకే పిల్లలు ఎండలో బయటికొస్తారు. ఆ వేళకు స్కూలు వీధిలో పోలీసు ఎవరూ కనపడరు, ఎందుకంటే డ్యూటీ చార్టులో ఇంకా సాయంత్రమే రాసి ఉంటుంది.

బడులు మళ్లీ జూన్ 12న తెరుస్తారు. అంతలోపు కనీసం నగరంలో కొన్ని వీధులు ఎంచుకుని ఆదేశాలు ఇప్పించండి. మొదటి వారం తల్లిదండ్రులు గొడవ చేస్తారు, ఎమ్మెల్యేల చేత ఫోన్లు చేయిస్తారు. ఆ ఫోన్లు వచ్చినప్పుడు కింది అధికారిని వెనక్కి లాగకుండా ఉంటే చాలు.

ఇట్లు,
నాలుగో తరగతి చదివే పాప తండ్రి,
హైదరాబాద్