డ్రోన్‌కు అందే ప్రతి ఆదేశానికీ సంతకం ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు నీట మునిగినప్పుడు, చిక్కుకుపోయిన వారికి ఆహారాన్ని, మంచినీటిని డ్రోన్లు చేరవేయడం చూశాం. మరుసటి నెలలోనే పున్నమి ఘాట్ వద్ద 5,500 డ్రోన్లు ఒకేసారి ఆకాశంలో బొమ్మలు గీశాయి. ఇంత వేగంగా ఎదుగుతున్న రంగంలో ఒక ప్రశ్న తగినంతగా చర్చకు రాలేదని నా ఆవేదన. గాలిలో ఉన్న డ్రోన్ తనకు అందిన ఆదేశం తన ఆపరేటర్ పంపినదేనని ఎలా నిర్ధారించుకుంటుంది?

అనేక డ్రోన్లు నేలమీది కంట్రోల్ స్టేషన్‌తో సంభాషించడానికి వాడే మావ్‌లింక్ ప్రొటోకాల్ (సందేశాల నియమావళి) తొలి రూపంలో పంపినవారిని గుర్తించే ఏర్పాటే లేదు. రెండో రూపంలో ప్రతి సందేశానికీ 13 బైట్ల సంతకం, అంటే పంపినవారెవరో నిర్ధారించే డిజిటల్ గుర్తు, జోడించవచ్చు. అందులో సమయం కూడా నమోదవుతుంది కనుక, పాత ఆదేశాన్ని రికార్డు చేసి మళ్లీ పంపి డ్రోన్‌ను ఏమార్చడం కుదరదు. అయితే ఈ సంతకం తప్పనిసరి కాదు, ఐచ్ఛికం మాత్రమే.

భద్రత పెంచితే బ్యాటరీ త్వరగా అయిపోతుందన్న వాదన పిచికారీ డ్రోన్ల విషయంలో నిలవదు. పది లీటర్ల మందు మోసే డ్రోన్ మోటార్లు కిలోవాట్లలో విద్యుత్తు వాడుతుండగా, సంతకాన్ని సరిచూసే చిప్‌కు అందులో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు. గుంపుగా ఎగిరే చిన్న డ్రోన్ల సంగతి వేరు. అవి తమ గుర్తింపును తెలిపే పొడవైన డిజిటల్ ధ్రువపత్రాలను రేడియోలో పదేపదే ఇచ్చిపుచ్చుకుంటే విద్యుత్తూ, సమయమూ రెండూ ఖర్చవుతాయి. అందువల్ల ఎగరడానికి ముందు ఒక్కసారి, ఆర్‌ఎస్‌ఏ అనే గూఢలిపి పద్ధతిలోని 3072 బిట్ల కీకి (గుర్తింపును రుజువు చేసే రహస్య సంఖ్యకు) బదులు, దాదాపు అంతే బలమున్న ఎలిప్టిక్ కర్వ్ పద్ధతిలోని 256 బిట్ల కీతో డ్రోన్, కంట్రోల్ స్టేషన్ పరస్పరం గుర్తించుకుని, ఆపైన ఆ ప్రయాణానికి మాత్రమే చెల్లే రహస్య కీతో ఆదేశాలకు చిన్న సంతకాలు చేయడం మేలు. ఇలాంటి చిన్న పరికరాల కోసమే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2023లో ఆస్కాన్ అనే తేలికపాటి గూఢలిపి పద్ధతిని ఎంపిక చేసింది. ఏ పద్ధతి వాడినా ఒక్కో డ్రోన్‌కు ఒక్కో కీ ఉండి తీరాలి. అన్నింటికీ ఒకటే ఉంటే, పొలంలో కూలిన ఒక్క డ్రోన్ పరుల చేతికి చిక్కినా మిగిలినవన్నీ వారి వశమవుతాయి.

2021 డ్రోన్ నియమాలు మున్ముందు తప్పనిసరి చేయగల భద్రతా ఏర్పాట్లకు ఉదాహరణగా అనుమతి లేనిదే ఎగరకపోవడం, ఎక్కడున్నదీ తెలిపే బీకన్, నిర్ణీత హద్దు దాటకుండా ఆపే జియో ఫెన్సింగ్ అనే మూడింటిని పేర్కొన్నాయి. ఆదేశాల ధ్రువీకరణ ఆ మూడింటిలో లేదు, దానిని చేర్చాలి. ఈలోగా, 15,000 స్వయం సహాయక సంఘాలకు 80 శాతం వరకు రాయితీతో డ్రోన్లు అందించేందుకు తలపెట్టిన నమో డ్రోన్ దీదీ పథకం కొనుగోళ్లలోనైనా ఈ షరతు పెట్టవచ్చు. ఆ పథకంలోని 15 రోజుల శిక్షణలో, మరమ్మతుకు ఇచ్చిన డ్రోన్ తిరిగి రాగానే కీ మార్చుకునే విధానాన్ని కూడా మన అక్కచెల్లెళ్లకు నేర్పాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
కర్నూలు