నోట్లో రక్తనాళాల గడ్డ: కత్తి పెట్టే ముందు స్కానింగ్ తప్పనిసరి కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పొగాకు, గుట్కా వల్ల వచ్చే నోటి క్యాన్సర్ గురించి మీ పత్రిక విడవకుండా రాస్తున్నందుకు దంత వైద్యురాలిగా ముందు నా కృతజ్ఞతలు. ఆ వ్యాసాలు చదివి, నోట్లో ఏ చిన్న మార్పు కనిపించినా ఆలస్యం చేయకుండా వచ్చి చూపించుకునే వారు పెరంబూరు, వ్యాసర్పాడి, కొళత్తూరు ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో కూడా పెరిగారు. అయితే వారిలో కొందరికి ఉన్నది క్యాన్సర్ కాదు, రక్తనాళాలతో ఏర్పడిన గడ్డ. దీని గురించి తెలుగులో చదవడానికి పెద్దగా ఏమీ దొరకదు. అందువల్ల భయపడిన కుటుంబం "ఎలాగైనా కోసి తీసేయండమ్మా" అంటుంది, వీధి చివరి క్లినిక్‌లో ఆ మాట నెరవేరిపోతుంది. ఆ తొందర ఎంత ప్రమాదకరమో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెదవి లోపలో, నాలుక అంచునో, బుగ్గ లోపలి పొర మీదో నేరేడు పండు రంగులో, వేలికి మెత్తగా తగులుతూ ఉండే గడ్డ ఇది. సన్నని గాజు స్లైడుతో దాన్ని మెల్లగా అదిమితే నీలం వెలిసిపోయి పాలిపోతుంది. స్లైడు తీసిన కొన్ని క్షణాలకే నెత్తురు తిరిగి చేరి మళ్లీ నీలమెక్కుతుంది. తల కిందికి వంచమంటే ఇంకాస్త ఉబ్బుతుంది. వేలి కింద నాడి కొట్టుకుంటున్నట్టు తగిలితే ధమనులకు, సిరలకు మధ్య నేరుగా దారి ఏర్పడిందని అనుమానించాలి, దాన్ని క్లినిక్‌లో ముట్టుకోనే కూడదు. లోపలి నెత్తురు గడ్డకట్టి ఉంటే అదిమినా రంగు వెలవకపోవచ్చు కాబట్టి స్లైడు పరీక్ష ఒక్కటే చాలదు. డాప్లర్ స్కానింగ్ లోపల నెత్తురు ఎంత వేగంగా పారుతోందో చెబుతుంది, గడ్డ ఎంత లోతుకు పాకిందో ఎం.ఆర్.ఐ. చూపిస్తుంది. క్యాన్సర్ అనుమానం వస్తే ముక్క తీసి పరీక్షకు పంపడం మంచి పద్ధతే. ఇక్కడ మాత్రం స్కానింగ్ చూడకుండా ముక్క తీయడమంటే రక్తస్రావాన్ని చేతులారా తెచ్చుకోవడం.

మా ప్రాంతంలోని ఒక కాలేజీ కుర్రవాడికి ఇదే జరిగింది. బుగ్గ లోపలి ఉబ్బును ఒక క్లినిక్‌లో ఉమ్మి బుడగ అనుకుని కోశారు. గాజుగుడ్డ మీద గాజుగుడ్డ పెట్టి అదిమినా నెత్తురు ఆగక, రాత్రికి రాత్రి పెద్దాసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. తర్వాత తీసిన ఎం.ఆర్.ఐ.లో ఆ గడ్డ బుగ్గ కండరాల లోపలి దాకా పాకి ఉన్నట్టు తేలింది. పైకి కనిపించింది దాని కొన మాత్రమే. కోయక ముందే ఆ స్కానింగ్ తీయించి ఉంటే ఆ ఇంటివారికి ఆ రాత్రి తప్పేది. ఈ గడ్డ దవడ ఎముకలో ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. కారణం తెలియకుండా ఒక పన్ను కదులుతూ, దాని చుట్టూ చిగురు నుంచి నెత్తురు కారుతుంటే, ఎక్స్‌రే తీయకుండా ఆ పన్ను పీకకూడదు. అలా పీకినందువల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి.

1982లో బోస్టన్ పరిశోధకులు మలికెన్, గ్లొవాకీ ఈ గడ్డలను కణాల స్వభావాన్ని బట్టి రెండుగా విడదీశారు. పసితనంలో వేగంగా పెరిగి తర్వాత వాటంతటవే కుంచించుకుపోయేవి ఒక రకం. నాళాలే పుట్టుకతో సరిగా ఏర్పడక, మనిషితో పాటు పెరుగుతూ, వాటంతటవి తగ్గనివి రెండో రకం. చికిత్స అంతా ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

మొదటి రకం బిడ్డ పుట్టిన కొన్ని వారాల్లో కనిపించి, మొదటి అయిదారు నెలల్లో గబగబా పెరుగుతుంది. పెదవి మీద పుండు పడి బిడ్డ పాలు తాగలేకపోయినా, గడ్డం చుట్టూ గడ్డ ఉండి శ్వాసలో గురక లాంటి శబ్దం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే శ్వాసనాళంలో కూడా అలాంటి గడ్డే ఉండవచ్చు. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు, గుండె జబ్బు కోసం ప్రొప్రనొలాల్ అనే మందు ఇచ్చిన పసిబిడ్డలో గడ్డ తగ్గిపోవడం గమనించి ప్రకటించారు. అప్పటి నుంచి ఈ చికిత్స తీరే మారిపోయింది. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల మోతాదులో కొన్ని నెలల పాటు ఇస్తారు. ఇది గుండె వేగాన్ని, రక్తంలో చక్కెరను తగ్గించే మందు కాబట్టి పిల్లల వైద్యుల పర్యవేక్షణలోనే, పాలు పట్టిన తర్వాతే వేయాలి. బిడ్డ వాంతులు చేసుకుంటూ పాలు తాగని రోజున ఆపి, వెంటనే వైద్యులను అడగాలి. తల్లులకు ఈ ఒక్క జాగ్రత్తను నేను రెండు మూడు సార్లు తిరిగి చెప్పిస్తాను.

రెండో రకంలో, నెత్తురు నెమ్మదిగా పారే సిరల గడ్డలకు, చాలాసార్లు కత్తి అవసరమే రాదు. స్కానింగ్‌లో చూస్తూ గడ్డలోకి సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్, పాలిడొకనాల్, బ్లియోమైసిన్ వంటి మందును సూదితో ఎక్కిస్తే నాళాల లోపలి పొర దెబ్బతిని అవి మూసుకుపోతాయి. కొన్ని వారాల ఎడంతో చాలాసార్లు చేయవలసి రావచ్చు. చేసిన ప్రతిసారీ కొన్ని రోజులు వాపు ఉంటుంది, అప్పుడప్పుడు పుండు పడుతుంది. నాలుక మొదట్లో గడ్డ ఉంటే ఆ వాపు ఊపిరికే అడ్డు రావచ్చు కాబట్టి ఆ పని పెద్దాసుపత్రిలోనే జరగాలి. పెద్దవాళ్ల పెదవి మీద వచ్చే చిన్న నీలి బుడగలు లేజర్‌తో తగ్గుతాయి. ధమనులతో ముడిపడిన వాటికి ముందు నాళాలను లోపలి నుంచి మూసి, ఆ తర్వాతే శస్త్రచికిత్స చేస్తారు.

గర్భిణుల చిగుళ్ల మీద లేచే ఎర్రని కండ గురించి కూడా ఒక మాట చెప్పాలి. హార్మోన్ల మార్పుకు పళ్ల మీది గార తోడై ఇది వస్తుంది. పళ్లు శుభ్రం చేయించుకుంటే చాలామందికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది. తీయవలసి వచ్చినా కింద ఉన్న గారను కూడా తొలగించకపోతే మళ్లీ మొలుస్తుంది.

నా విన్నపాలు రెండు. చెన్నై ఫోర్ట్ రైల్వే స్టేషన్ దగ్గరి ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి వంటి చోట్లకు మన తెలుగువాళ్లు చాలామంది వస్తుంటారు. శస్త్రచికిత్సకు ముందు సంతకం పెట్టించే కాగితం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటే, ఇంకా వేరే దారులు ఉన్నాయని వారికి తెలిసే వీలు లేదు. అక్కడ తెలుగులో కూడా ఒక వివరణ పత్రం పెట్టించేలా మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను. రెండోది, నోట్లో నీలి గడ్డను కోయాలని ఎవరైనా చెబితే "డాప్లర్ తీయించారా?" అని అడగమని మీ ఆరోగ్య పేజీలో పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ వ్యాసానికి కావలసిన వైద్య వివరాలన్నీ నేను రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక దంత వైద్యురాలు,
పెరంబూరు, చెన్నై