నీ కథ చదివాను చిన్నీ

చిన్నీ,

మీ మామయ్య మానసిక జబ్బు మీద నువ్వు రాసి పంపిన కథ రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి అమ్మగా చదివి మురిసిపోయాను. రెండోసారి మీ మామయ్యకి అక్కగా చదివితే కొంచెం కోపమొచ్చింది. అలగకుండా విను.

నీ కథలోని మానసిక ఆస్పత్రిలో అందరూ రాక్షసులే. నర్సు గొలుసులేస్తుంది, డాక్టరు నవ్వుతూ కరెంటు షాక్ పెడతాడు. సినిమాలు చూసి చూసి మనకి ముందు అదే తడుతుందిలే. గొలుసులు అబద్ధమనను. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో మంటలంటుకుంటే, కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. కానీ అది సర్కారు ఆస్పత్రి కాదు, దర్గా దగ్గర ప్రైవేటుగా నడిపిన ఆశ్రమం. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమైతే గొలుసులనీ, మత్తివ్వకుండా షాక్ ఇవ్వడాన్నీ నిషేధించింది కూడా.

మామయ్యని ఎవరూ కట్టెయ్యలేదు, ఎవరూ కొట్టలేదు. అయినా మూడేళ్ళు పోయాయి. అదెలా పోయాయో రాయమంటున్నా.

మానసిక డాక్టరు జిల్లా ఆస్పత్రికి వారంలో ఒక్కరోజే వచ్చేవాడు. అమ్మమ్మ పత్తి ఏరే కూలి మానుకుని, తెల్లవారకముందే మొదటి బస్సుకి మామయ్యని తీసుకెళ్ళేది. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరుకి ఇంకో లైను, మందులకి మూడోది. డాక్టరు మంచివాడే, పాపం. 'నిద్ర పడుతోందా? మందులు వేసుకుంటున్నావా?' అనడిగి చీటీ మీద 'సీటీ ఆల్' అని రాసేవాడు, అంటే పాతవే వాడమని. బయట ఎనభై మంది ఉంటే అంతకన్నా ఏం అడుగుతాడు? మందుల కిటికీ దగ్గర కుర్రాడు రిస్పెరిడోన్ స్ట్రిప్పుని కత్తెరతో సగానికి కత్తిరించి, పది రోజులకి ఇచ్చి, మిగతావి స్టాక్ లేవు, బయట కొనుక్కో అనేవాడు. ఆ కొనేది ఎక్కడ? పదకొండో రోజు నుంచి మామయ్యకి మళ్ళీ గోడలు మాట్లాడేవి. సర్కారు ఆస్పత్రిలో ఈ మందులు ఎప్పుడూ ఉచితంగా దొరకాలని అదే 2017 చట్టంలో రాసుంది తెలుసా! ఆ కత్తెర చప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

రష్యన్ రచయిత చెహోవ్ 1892లో రాసిన 'ఆరో నంబరు వార్డు' దొరికితే చదువు. అందులో డాక్టరు దుర్మార్గుడు కాదు. ఇంట్లో పుస్తకాలు చదువుకుంటూ, వెచ్చటి గదికీ ఈ వార్డుకీ తేడా ఏం లేదు, ప్రశాంతత మనలోనే ఉంటుందని పేషెంటుకి వేదాంతం చెప్తాడు. చివరికి తననే అందులో పెట్టి తాళం వేశాక గానీ తేడా తెలిసిరాదు. ఇంకో సంగతి, ఆ వార్డులో ఉన్న అయిదుగురిలో పెద్దింటి మనిషి ఒక్కడే, మిగతా నలుగురూ మామూలు జనం. చెహోవ్ ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి వెళ్ళిపోయాడు. నువ్వేమో నీ హీరోయిన్ చేత పేదల గురించి పేజీన్నర ఉపన్యాసం ఇప్పించావు. తీసెయ్. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన సర్వే అంకెలూ తీసెయ్. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందట్లేదని అందులో తేలిన మాట నిజమే, కానీ కథలో దాని బదులు అమ్మమ్మ బస్సు టికెట్లు లెక్కపెట్టుకోవడం రాస్తే చాలు.

మా ఆఫీసులో ఒకాయన కొడుక్కి మామయ్య జబ్బే వచ్చింది. పెద్ద ప్రైవేటు ఆస్పత్రి, వారం వారం కౌన్సెలింగ్. ఆఫీసంతా 'పాపం, స్ట్రెస్' అన్నారు. మామయ్యని మన ఊళ్ళో ఏమన్నారో నీకు తెలుసు. 'వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి' అన్నవాళ్ళు మన చుట్టాలే, నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు నీ కథలో ఎక్కడా లేదేం?

అసలు కోపమొచ్చింది ఇక్కడ. నీ కథలో డాక్టరుకి పేరుంది, నర్సుకి పేరుంది, గేటు దగ్గర టీ అమ్మేవాడికీ ఉంది. పేషెంటు మాత్రం మొదట్నించీ చివరిదాకా 'అతను'. మామయ్య కథ రాసేముందు మామయ్యని అడిగావా?

నిన్న తనే ఫోన్ చేశాడు, కోడలు ఏదో రాసిందటగా, నాకేం పేరు పెట్టింది అని. ఇంకా పెట్టలేదురా, నీతో మాట్లాడాక పెడుతుందిలే అని చెప్పాను. ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటాడట, ఫోన్ చెయ్.

మీ అమ్మ